ముట్లుడిగే ముందు మనసు



ఈ పాఠం నలభై దాటిన ఆడవాళ్ల గురించి. దాటని వాళ్లూ చదవండి. ఇంట్లో అమ్మో, అత్తో, పెద్దమ్మో ఉంటారు కదా! మగవాళ్లు చదివితే ఇంకా మంచిది.

ఆడపిల్లకు మొదటి ముట్టు వస్తే పదిమందిని పిలిచి పేరంటం చేస్తాం. అదే ముట్టు ఆగిపోయేటప్పుడు ఎవరూ నోరెత్తరు. ఆమెకు ఏం జరుగుతోందో ఆమెకే తెలియదు.

ముట్లు ఒక్కరోజులో ఆగిపోవు. కొన్నేళ్ల ముందు నుంచే తేడా కనిపిస్తుంది. ఒక నెల ముందుగా వస్తుంది. ఒక నెల తప్పుతుంది. ఒకసారి ఎక్కువ పోతుంది, ఒకసారి చుక్కలే కనబడతాయి. వరసగా 12 నెలలు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో చాలామందికి ఇది 45, 50 ఏళ్ల మధ్య జరుగుతుంది. కొందరికి ముందే రావచ్చు.

ఈ రోజుల్లో మారేది ఒళ్లు ఒక్కటే కాదు. మనసు కూడా.

ఒక ఊళ్లో పొదుపు సంఘం మీటింగు అయిపోయింది. అందరూ లేచారు. లెక్కల పుస్తకం రాసే ఆమె మాత్రం లేవలేదు. నర్సమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"ఏం అక్కా, అట్లా ఉన్నావు?"

"ఏం చెప్పను నర్సమ్మా! ఈ పుస్తకం ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. రెండుసార్లు లెక్క తప్పాను. చేతిలో పెన్ను పెట్టుకుని పెన్ను కోసం వెతికాను. ఊరికే గాబరా. గుండె దడదడలాడుతుంది. మొన్న కూర మాడిందని ఏడుస్తూ కూర్చున్నాను. నాకు పిచ్చి పడుతోందా?"

"రాత్రి నిద్ర పడుతోందా?"

"ఎక్కడ? నడిరాత్రి ఒంట్లో ఆవిర్లు వస్తాయి. చెమటతో జాకెట్టు తడిసిపోతుంది. మళ్లీ కన్ను మూతపడదు. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మా ఆడబిడ్డేమో గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుంది అంటోంది. పట్నంలో ఆపరేషనుకు డబ్బు కూడా చూస్తున్నాం."

"ఆగక్కా! ఆ డబ్బు కట్టొద్దు. నీకు పిచ్చీ లేదు, గాలీ లేదు."

నర్సమ్మ చెప్పిన సంగతి ఇది. గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. అవి ఈస్ట్రోజెన్ అనే రసాన్ని తయారుచేస్తాయి. అది నెత్తురులో కలిసి మెదడుకూ చేరుతుంది. నిద్ర, ఒంటి వేడి, మనసు - వీటన్నిటిలో దానికి పాత్ర ఉంది. ఈ వయసులో ఆ రసం ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు ఇంకుతుంది. వోల్టేజి నిలకడగా లేకపోతే బల్బు మినుకుమినుకుమంటుంది కదా! అది బల్బు తప్పు కాదు. దీనికి తోడు నిద్ర లేకపోతే ఎవరికైనా గాబరా పెరుగుతుంది, మతిమరుపు వస్తుంది. చాలామందికి ఈ మతిమరుపు తరవాత సర్దుకుంటుంది.

గర్భసంచి తీసినంత మాత్రాన దిగులు పోదు. అండాశయాలు కూడా తీసేస్తే ఈ బాధలన్నీ ఒక్కసారే మీద పడతాయి. మన దగ్గర ఈ ఆపరేషన్లు చాలా ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3 మందికే. అవసరమైన ఆపరేషను వేరు. ఇది వేరు.

మరి ఏం చెయ్యాలి? ముందు రక్తపరీక్ష. రక్తం తక్కువైనా, థైరాయిడ్ చెడినా ఇట్లాగే దడ, నీరసం, చిరాకు వస్తాయి. వాటికి మందులున్నాయి.

తరవాత క్యాలెండరు. ముట్టు వచ్చిన రోజు సున్నా చుట్టండి. నిద్ర పట్టని రోజు 'ని' అని, గాబరా పడిన రోజు 'గా' అని రాయండి. మూడు నెలలు రాస్తే డాక్టరుకు నోటితో చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది.

గాబరా వచ్చినప్పుడు కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. అయిదు నిమిషాలు చాలు. సాయంత్రం తరవాత టీ, కాఫీ మానండి. కల్లు తాగితే నిద్ర పడుతుందంటారు. పడుతుంది, కానీ నడిరాత్రి లేపుతుంది. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. రోజూ నడవమని డాక్టర్లు చెబుతారు. కూర్చుని పనిచేసేవాళ్లకు అది మంచి మాటే. పొద్దంతా కలుపు తీసి వచ్చిన ఆమెకు మాత్రం ముందు కావలసింది నడక కాదు, కాసేపు నడుము వాల్చే వీలు. ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి వెలిగించాలి.

ఆవిర్లు మరీ ఎక్కువైతే హార్మోను మందులున్నాయి. అవి అందరికీ పడవు. డాక్టరు చూసి ఇవ్వాలి. దిగులుకు మందులూ ఉన్నాయి, మాటలతో చేసే వైద్యమూ ఉంది. కాన్పు తరవాత దిగులు పడినవాళ్లు ఈ వయసులో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

కొన్ని వాటికి ఆగకూడదు. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే వెంటనే డాక్టరుకు చూపించాలి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే 108కి ఫోను చెయ్యాలి. ఇంకో మాట. ముట్లు తప్పుతున్నాయి కదా, ఇక కడుపు రాదు అనుకోవద్దు. రావచ్చు.

నర్సమ్మ ఆఖరున మెల్లగా అడిగింది.

"అక్కా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఒకసారి" అంది.

ఇట్లా అడగడం తప్పు కాదు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాచుకున్నది బయటికి వస్తుంది. అట్లా అన్నవాళ్లను ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే తీసెయ్యాలి. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సాయం మొదలుపెట్టింది. డబ్బు అక్కర్లేదు. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు 14416. క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి.