ఇంటిపేరు - ఊరిపేరు

తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కింటికి ఊళ్ల పేర్లే మూలం. పూర్వికులు నివసించిన గ్రామం పేరు వంశనామమై తరతరాలుగా నిలిచింది. ఇందుకు విలోమంగా ఇంటిపేరే ఊరిపేరైన ఉదంతం ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది. ఆ ఇంటిపేరు డార్విన్.

జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ (1809-1882) ఇంగ్లాండు దేశీయుడు. 1831లో 'బీగిల్' నౌకలో బయలుదేరి దాదాపు ఐదేళ్లు ప్రపంచయాత్ర చేశాడు. నాటి సహయాత్రికులైన వికమ్, స్టోక్స్‌లు అదే నౌక తరువాతి యాత్రలో, 1839లో, ఆస్ట్రేలియా ఉత్తర తీరాన విశాలమైన సహజ నౌకాశ్రయాన్ని చూశారు. పాత మిత్రుని తలచుకొని దానికి డార్విన్ రేవు అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 30 ఏళ్లు. 'జాతుల ఉత్పత్తి' గ్రంథం వెలువడడానికి ఇంకా 20 ఏళ్ల వ్యవధి ఉంది. కనుక ఆ పేరు స్నేహం వల్ల దక్కినదే గాని, కీర్తి వల్ల దక్కినది కాదు. 1869లో అక్కడ వెలసిన పట్టణాన్ని తొలుత పామర్‌స్టన్ అన్నారు. 1911లో అది అధికారికంగా డార్విన్ అయింది. 1836లో సిడ్నీ మొదలైన చోట్ల దిగినా, ఆయన ఈ తీరాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. నౌకలు రాకముందే, అనేక తరాలుగా అది లారకియా ప్రజల నేల అన్న సత్యాన్ని మరువరాదు.

ఆ పేరు ఊరితో ఆగలేదు. దక్షిణ అమెరికాలోని ఒక పర్వతం, గాలాపగోస్ దీవులలోని పిచ్చుకల వంటి పక్షులు, పిల్లలను గొంతుసంచిలో పెంచే ఒక కప్ప ఆ పేరును ధరించాయి. ఉరుగ్వే ఫుట్‌బాల్ క్రీడాకారుడు డార్విన్ నూన్యెజ్‌కు అది సొంత పేరే.

అయితే ఆ పేరు తగిలించిన ప్రతిదీ ఆయనకు గౌరవం తేలేదు. బలవంతుడు బలహీనుణ్ణి అణచడమే ప్రకృతి న్యాయమనే వాదానికి 'సామాజిక డార్వినిజం' అనే పేరు స్థిరపడింది. డార్విన్ బానిసత్వాన్ని తీవ్రంగా ద్వేషించినవాడు. 'యోగ్యతముల సార్థక జీవనం' అనే మాటను 1864లో మొదట వాడినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ దానిని తరువాత స్వీకరించాడు. పేరు పెట్టేవారు ఒకరు, దాని భారం మోసేవారు మరొకరు. పేరు వినగానే తృప్తిపడక, ఆ పేరు గల మనిషి నిజంగా ఏమన్నాడో విచారించి తెలుసుకోవడం విద్యార్థి ధర్మం.

అర్థాలు
విలోమం = తలకిందులు, వ్యతిరేక క్రమం
ఉదంతం = వృత్తాంతం
వ్యవధి = నడిమి కాలం

ప్రశ్నలు
1. డార్విన్ రేవుకు ఆ పేరు ఎట్లా వచ్చింది?
2. 'పేరు పెట్టేవారు ఒకరు, దాని భారం మోసేవారు మరొకరు' - సమర్థించండి.