బిళ్ళ గన్నేరుకు ఆపద కబురు

చి. శ్రావణికి,


ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు బిళ్ళ గన్నేరును తీసుకున్నానని, మిథైల్ జాస్మొనేట్ పిచికారీ చేసి విన్‌బ్లాస్టిన్ పెంచి చూస్తానని రాశావు. చాలా సంతోషం తల్లీ. ఎవరూ నీళ్లు పోయకపోయినా గోడ పక్కన పూసే ఆ మొక్క నుంచే కేన్సర్ వార్డులకు మందు వెళ్తోంది. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాని ఆకుల్లోంచి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. అయితే ఒక గ్రాము మందు రావాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలని లెక్క చెబుతారు. అందుకే దాన్ని పెంచాలన్న నీ ఆలోచన మంచిది.

విన్‌బ్లాస్టిన్ లాంటి ఆల్కలాయిడ్లను మొక్క మన కోసం చేయడం లేదన్న సంగతి ముందు గుర్తుంచుకో. పురుగు కొరికినా, బూజు పట్టినా తనను తాను కాపాడుకోవడానికి చేసుకుంటుంది. గాయపడిన ఆకులో జాస్మోనిక్ ఆమ్లం పుట్టి, దొంగలు పడ్డారని ఊళ్లో దండోరా వేసినట్టు మిగతా కణాలను లేపుతుంది. మామూలు రోజుల్లో రక్షణ జన్యువులను జాజ్ అనే ప్రొటీన్లు అణచి ఉంచుతాయి. జాస్మొనేట్ రాగానే అవి విరిగిపోతాయి. అప్పుడు ఆల్కలాయిడ్ తయారీకి కావలసిన జన్యువులు పని మొదలుపెడతాయి. బిళ్ళ గన్నేరులో వాటిని నడిపించే ఓర్కా3 అనే ప్రొటీన్‌ను 2000లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. మిథైల్ జాస్మొనేట్ కొట్టి, పురుగు లేకుండానే పురుగు వచ్చిందని నువ్వు మొక్కకు చెప్పబోతున్నావు.

ఆ మాట నమ్మిన మొక్క ఎదుగుదలను తగ్గించుకుంటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. గ్రాముకు ఎంత పెరిగిందో మాత్రమే చెప్పి ఊరుకునే ఫలితాలను నేను ఒప్పుకోను. ఒక మొక్క 10 గ్రాముల ఎండుటాకు ఇస్తోందనుకో, గ్రాముకు 2 మిల్లీగ్రాముల ఆల్కలాయిడ్ ఉందనుకో. మొత్తం 20. పిచికారీ తర్వాత గ్రాముకు 3 అయి, ఆకు 6 గ్రాములకు పడిపోతే మొత్తం 18. కాగితం మీద సగానికి సగం పెరిగింది, రైతు చేతికి మాత్రం తక్కువే వచ్చింది. అందుకే ఆకు బాగా ఎదిగాక, కోతకు కొద్ది రోజుల ముందు కొట్టు. ఈ ప్రభావం ఎక్కువ కాలం నిలవదు కాబట్టి వేర్వేరు రోజుల్లో నమూనాలు తీయి.

1996లో జపాన్ శాస్త్రవేత్తలు టాక్సస్ చెట్టు కణాలను ద్రవంలో పెంచి, 100 మైక్రోమోలార్ మిథైల్ జాస్మొనేట్ కలిపితే రెండు వారాల్లో లీటరుకు 110 మిల్లీగ్రాముల ప్యాక్లిటాక్సెల్ అనే కేన్సర్ మందు వచ్చింది. ఆ ఫలితం చూసి బిళ్ళ గన్నేరులోనూ అంతే జరుగుతుందనుకోకు. విన్‌బ్లాస్టిన్ పుట్టాలంటే విండోలిన్, క్యాథరాంథిన్ కలవాలి. క్యాథరాంథిన్ ఆకు పైనున్న మైనపు పొరలో, విండోలిన్ ఆకు లోపలి కణాల్లో ఉంటాయని 2010లో కెనడా పరిశోధకులు చూపించారు. విడిగా పెంచిన కణాల్లోనైతే విండోలిన్ తయారే కాదు. ఒకటి పెరిగినంత మాత్రాన మందు పెరగదు. మూడింటినీ హెచ్‌పీఎల్‌సీ మీద కొలవాల్సిందే.

ఇక పని సంగతి. 100 మైక్రోమోలార్ అంటే లీటరుకు సుమారు 22 మిల్లీగ్రాములు. అంతకన్నా తక్కువ నుంచి మొదలుపెట్టు. మిథైల్ జాస్మొనేట్ నీళ్లలో సరిగా కరగదు, ఇథనాల్‌లో కరిగించి కలుపుతారు. కాబట్టి కంట్రోల్ మొక్కల మీద అంతే ఇథనాల్ కలిపిన నీళ్లు కొట్టు. వాటిని పిచికారీ చేసిన మొక్కలున్న గదిలో మాత్రం పెట్టకు. సేజ్‌బ్రష్ కొమ్మల నుంచి గాలిలోకి వచ్చిన మిథైల్ జాస్మొనేట్ పక్కనున్న టమాటా ఆకుల్లో రక్షణ ప్రొటీన్లు పుట్టించిందని 1990లో ఫార్మర్, రయాన్ నిరూపించారు. నీ కంట్రోల్ మొక్కలు కూడా అలాగే ఆ కబురు అందుకుంటాయి. చౌక కదా అని సాలిసిలిక్ ఆమ్లం కూడా ఇందులోనే కలపకు. చాలాసార్లు అది జాస్మొనేట్ దారికి అడ్డుపడుతుంది, దాన్ని వేరుగా పరీక్షించు. ఆకులు నూరేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి, ఇవి విషపు ఆల్కలాయిడ్లు.

ఫలితాలు వచ్చాక పట్టిక పంపు. గ్రాముకు ఎంత, మొక్కకు ఎంత, రెండు అంకెలూ పక్కపక్కనే రాయి, రెండోది తగ్గినా సరే దాచకుండా రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న