పడమటింటి నీడకు రెండు చెట్లు

పల్నాటి ఎండ సంగతి మన విద్యార్థి మిత్రులకు వేరే చెప్పాలా! వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడుండడు. మా రాజుపాలెంలోనూ ఆ సెగ తక్కువేం కాదు. అందుకే ఇల్లు కట్టేవాళ్ళెవరడిగినా పడమట రెండు చెట్లకు చోటు వదలమంటాను. మిట్టమధ్యాహ్నపు ఎండ కప్పు మీద పడుతుంది. మూడు దాటాక వాలుటెండ పడమటి గోడను కాలుస్తుంది. ఆ గోడ రాత్రిదాకా ఇంట్లోకి సెగ వదులుతూనే ఉంటుంది. (వాస్తువాళ్ళకీ పడమటి చెట్టంటే పేచీ లేదు.)

ఒకటి వేప, రెండోది కానుగ. రెండూ వేపలే ఎందుకు కాకూడదంటారా? 2021 ప్రాంతంలో తెలుగునాట వేపకొమ్మల చివళ్ళు మాడిపోవడం అందరం చూశాం. ఫోమాప్సిస్ అనే బూజు తెచ్చిన తెగులది. చచ్చిందనుకొని కొందరు కొట్టించేశారు; ఓపిక పట్టినవాళ్ళ చెట్లు చాలావరకు మళ్ళీ చిగిర్చాయి. అమెరికాలో అంత అదృష్టం లేదు. అక్కడ ఎల్మ్ చెట్లు తెగులుతో పోతే, వీధులనిండా యాష్ అనే నీడచెట్లు నాటారు. 2002లో మిషిగన్‌లో ఒక పచ్చని పెంకుపురుగు బయటపడింది. కోట్లకొద్దీ యాష్ చెట్లు ఎండిపోయాయి.

వేపగింజ దాచితే మొలవదు. పండు రాలిన రెండు వారాల్లోపే పాతాలి. మొక్కను తొలకరికి, గోడకు 15 అడుగుల ఎడంగా, 2 అడుగుల గుంతలో పశువులఎరువు వేసి నాటండి. రెండు వేసవులు నీళ్ళు పోయాలి. వేపమండంటే మేకకు విందు, చుట్టూ కంప మరవొద్దు.