ఒడ్డున భోజనం

సంక్రాంతి వెళ్లిన తరవాత ఆదివారం. నరసరావుపేట వైపు ఒక పల్లె నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు సముద్రం చూడడానికి బయలుదేరారు. అందరూ ఒకే పొదుపు సంఘం వాళ్లు. మిరప చేలలో కూలికి పోయేవాళ్లు. బస్సులో బాపట్ల చేరారు. అక్కడి నుంచి ఆటో ఎక్కి సూర్యలంక వెళ్లారు. తొమ్మిది కిలోమీటర్ల దూరం.

సముద్రంలో తనివితీరా ఆడుకున్నారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆకలేసింది.

ఒడ్డుకు ఎడంగా సరుగుడు తోట ఉంది. దాని పక్కన తాటాకుల పాక. పాక ముందు నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. అందరిలోకి చిన్నమ్మాయి కూడబలుక్కుని చదివింది.

"ఈ రోజు భోజనం. అన్నం, తోటకూర పప్పు, వంకాయ కూర, కానాగంతల పులుసు, పెరుగు. 120 రూపాయలు. కూర మా మడిలోది. చేప ఈ పొద్దు ఒడ్డుకొచ్చింది."

"ధర ముందే రాశారు. తిన్నాక తగువు లేదు. పదండి" అంది పెద్దామె.

ఆ పాకను ఐదుగురు ఆడవాళ్లు కలిసి నడుపుతున్నారు. వాళ్లదీ పొదుపు సంఘమే. విస్తళ్లు వేశారు. వేడన్నం వడ్డించారు. తోటకూర లేతగా ఉంది. పులుసు ఘాటుగా ఉంది. మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు.

ఉప్పు నేలలో కూర ఎట్లా పండింది?

"అక్కా, సముద్రం పక్కనే ఉంది. నీళ్లన్నీ ఉప్పు కదా. తోటకూర ఎట్లా వచ్చింది?" అని చిన్నమ్మాయి అడిగింది.

వడ్డించే ఆమె నవ్వింది. "తిన్నాక రామ్మా, చూపిస్తా" అంది.

పాక వెనక ఇసుక నేల. అందులో చిన్న చిన్న మళ్లు. తోటకూర, గోంగూర, వంగ, మిరప. మళ్ల మధ్య ఒక గుంట. గుంటలో తేటగా నీళ్లు. పెద్దామె దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. తియ్యగా ఉన్నాయి.

"దీన్ని దొరువు అంటాం" అంది ఆ మడి యజమానురాలు. "వాన కురిస్తే నీరు ఇసుకలోకి ఇంకుతుంది. అడుగున ఉప్పు నీరు ఉంటుంది. ఉప్పు నీరు బరువు. వాన నీరు తేలిక. అందుకని మంచి నీరు పైన తేలి ఉంటుంది. పాల మీద మీగడ లాగా. ఆ మీగడ వరకే మేం తీసుకుంటాం."

"ఎక్కువ తోడితే?"

"అదే ప్రమాదం. బోరు లోతుగా దింపి పెద్ద మోటారు పెడితే అడుగునున్న ఉప్పు నీరు పైకి లేస్తుంది. మడి మాడిపోతుంది. పక్కవాళ్ల దొరువు కూడా చెడుతుంది."

ఇదివరకు దొరువు నుంచి కడవలతో నీళ్లు మోసి మడి తడిపేవాళ్లు. దొరువు గట్లు ఇసుకవి. విరిగిపడతాయి. ఏటా బాగు చేసుకోవాలి. బాపట్లలో ఉప్పు నీటి మీద పరిశోధన చేసేవాళ్లు దీనికి ఒక ఉపాయం చెప్పారు. నేల లోపల చిల్లుల గొట్టాలు అడ్డంగా పరుస్తారు. ఇసుక పోకుండా గొట్టాలకు జల్లెడలాంటి వల చుడతారు. పై నీరు గొట్టాల్లోకి దిగి ఒక బావిలో చేరుతుంది. చిన్న మోటారుతో దాన్ని తోడుకోవచ్చు. ఉప్పు నీరు కదలదు. నీళ్లు మోసే బాధ తప్పుతుంది.

చేప మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది?

"మా ఊరికి చేపలు వచ్చేసరికి రెండు రోజులవుతుంది. మంచివో కావో తెలియదు" అంది పెద్దామె.

వంట చేసే ఆమె బుట్టలోంచి ఒక చేప తీసి చూపించింది.

"కన్ను చూడు వదినా. మెరుస్తూ, ఉబ్బెత్తుగా ఉండాలి. లోపలికి పోయి తెల్లబడితే పాతది. మొప్ప ఎత్తి చూడు. ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కు. గుంట పడి అట్లాగే ఉంటే తీసుకోవద్దు. వాసన సముద్రం వాసనే రావాలి. కుళ్లు వాసన రాకూడదు."

"బాగా ఉడకబెడితే సరిపోదా?"

"సరిపోదు. కానాగంత లాంటి చేపను ఎండలో వదిలేస్తే అందులో ఒక విషం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడుతుంది. తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. అందుకే పడవ దిగిన చేపను వెంటనే ఐసులో పెడతాం. దానికయ్యే ఖర్చుకు వెనకాడం."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతారు. అది 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఆ విరామం. తెడ్లతో నడిపే పడవలకు ఆ నిషేధం లేదు. ఆ రోజుల్లో దొరికిన కాస్త చేపే వండుతారు. లేకపోతే ఎండుచేపల ఇగురు, కోడిగుడ్డు పులుసు. నల్లబల్ల మీద ఆ మాటే రాస్తారు. లేని చేపను ఉందని రాయరు.

ఖాతాలో లేని పేరు

తిని డబ్బులిచ్చారు. ఒకామె ఆ డబ్బును పుస్తకంలో రాసింది. పెద్దామె ఆ పుస్తకం వైపు చూసింది.

"మీలో మీకు గొడవలు రావా?" అని అడిగింది.

"ఎందుకు రావు పిన్నీ! మొదటి ఏడు పాక మూతపడబోయింది" అంది రాసే ఆమె. ఆ సంగతి ఇట్లా చెప్పింది.

కూరగాయలన్నీ ఒకే ఆమె మడి నుంచి వచ్చేవి. "మనవే కదా, వాటికి డబ్బెందుకు?" అనుకున్నారు. పుస్తకంలో రాయలేదు. ఆదివారం 40 భోజనాలు అమ్మేవాళ్లు. 4,800 రూపాయలు వచ్చేవి. రాసిన ఖర్చు 3,050. మిగిలింది 1,750. ఐదుగురూ తలా 350 పంచుకునేవాళ్లు.

ఒకరోజు మడి ఆమె కూర తేలేదు. "రేపటి నుంచి నేను రాను. పొద్దున్నే నీళ్లు మోసి నా నడుము విరుగుతోంది. వంటకూ వస్తున్నాను. మీకెంతో నాకూ అంతే. పుస్తకంలో నా కూర ఎక్కడుంది?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. పుస్తకం తీశారు. నిజమే. తోటకూర లేదు. వంకాయ లేదు. చింతపండు కూడా రాశారు. ఆమె కష్టం రాయలేదు.

ఆ రోజు కూర బజారులో కొన్నారు. 350 రూపాయలయింది. ఆటోకు వేరే. కూర వాడిపోయి ఉంది. అప్పుడు తెలిసింది. తాము లాభం అనుకున్న దాంట్లో 350 లాభం కాదు. అది మడి ఆమె డబ్బు. దాన్ని ఐదుగురూ తలా 70 పంచుకున్నారు.

కూర్చుని లెక్క మళ్లీ రాశారు.

వచ్చింది: 40 భోజనాలు, ఒకటి 120 చొప్పున 4,800

ఖర్చు:
చేపలు 1,400
బియ్యం 400
కూరలు (మడి ఆమెకు) 350
నూనె, పప్పు, చింతపండు, కారం 600
గ్యాసు, కట్టెలు 250
పెరుగు 240
విస్తళ్లు 100
ఐసు 60
మొత్తం ఖర్చు 3,400

మిగిలింది 1,400
ఐదుగురి కూలి, తలా 250 చొప్పున 1,250
పాక నిధికి 150

"నాకు వంద తగ్గింది" అని ఒకామె అలిగింది.

"డెబ్భై మనది కాదు, మడి ఆమెది. ముప్పై నిధిలో ఉంది. గాలివానకు పాక ఎగిరిపోతే తాటాకులు ఎవరు కొంటారు?" అని మిగతావాళ్లు అడిగారు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చింది. ఇప్పుడు పుస్తకం రాసేది ఆమే.

"ఎవరో కాదు పిన్నీ, నేనే" అని నవ్వింది.

పుస్తకం వల్ల ఇంకొకటి తెలిసింది. మామూలు రోజుల్లో పన్నెండు భోజనాలు కూడా పోవడం లేదు. నష్టం. అందుకని శని, ఆదివారాలే తెరుస్తున్నారు. మిగతా రోజుల్లో ముందు రోజు ఫోన్ చేసి చెబితేనే వండుతారు.

తిండి అమ్మేవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సినవి

తిండి అమ్మేవాళ్లు చిన్నవాళ్లయినా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. 2006లో చేసిన ఆహార భద్రత చట్టం ఆ మాట చెబుతోంది.

తాగే నీళ్లు కాచి చల్లార్చి పోయాలి. పచ్చి చేప కోసిన కత్తితో కూరగాయలు కోయకూడదు. చేపలు కడిగిన నీళ్లు దొరువు దగ్గర పోయకూడదు. జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లు ఆ రోజు వంటకు రాకూడదు. వాళ్ల కూలి సంగతి సంఘం ముందే అనుకోవాలి. లేకపోతే కూలి పోతుందని జబ్బు దాచుకుంటారు.

తిరుగు ప్రయాణంలో

బస్సులో చిన్నమ్మాయి అంది. "మనకు సముద్రం లేదు. చేపలు లేవు. మనమేం పెడతాం?"

"గోంగూర లేదా? కందిపప్పు లేదా? దోసకాయలు లేవా?" అంది పెద్దామె. "మన బస్టాండులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం టీ తాగి కడుపు నింపుకుంటున్నారు."

"డబ్బో?"

"అది తరవాత. ముందు ఎంతమంది తింటారో లెక్క రాద్దాం. వారం రోజులు బస్టాండులో కూర్చుని చూద్దాం. నువ్వు రాయి."

చిన్నమ్మాయి సంచిలోంచి పలక తీయబోయి ఆగింది. పలక మీద రాసింది చెరిగిపోతుంది. కండక్టరును అడిగి పెన్ను తీసుకుంది. టికెట్టు వెనక మొదటి మాట రాసింది. "సోమవారం."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మడి ఆమె అలగడం న్యాయమేనా? మీరైతే ఏం చేస్తారు?
2. మీ ఇంట్లో, చేలో మీరు చేసే ఏ పని లెక్కలోకి రావడం లేదు?
3. మీ ఊళ్లో నీరు అందరిదా? ఒకరు ఎక్కువ తోడితే ఎవరికి నష్టం?
4. చేప కొనేటప్పుడు చూడాల్సిన నాలుగు గుర్తులు చెప్పండి.

చేసి చూడండి

ఈ వారం మీ ఇంట్లో ఒక పూట భోజనానికి ఎంత ఖర్చయిందో రాయండి. పెరట్లో కోసిన కూర, కోడి పెట్టిన గుడ్డు, ఇంటి పాలు కూడా ధర కట్టి రాయండి. చివర మీరు పని చేసిన గంటలు రాయండి. వచ్చే వారం అందరూ కలిసి చదవండి.

కొత్త మాటలు

దొరువు, మొప్ప, విరామం, నిషేధం, నిధి, నమోదు