కుండీలోని కరివేపాకు



మన మలేషియాలో కరివేపాకు చెట్టు పెరటి నేలలోనే పెరుగుతుంది. దానికి నీరు పోసే పని చాలావరకు వానదే. అమెరికాలోని తెలుగువారిలో చాలామందికి ఆ వసతి లేదు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ వంటి ఊళ్ళలో శీతకాలమున మంచు కురుస్తుంది. అందుచేత వారు మొక్కను కుండీలో పెంచి, చలి ముదరకముందే ఇంటిలోనికి చేరుస్తారు. చలిని తప్పించుకొన్న ఆ మొక్క నీటికి బలి కావచ్చు.

పోతే మరొకటి తెచ్చుకోవడం అంత సులభం కాదు. నారింజ జాతి చెట్లకు పచ్చతెగులును మోసుకొనిపోయే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బ్రతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో కనబడింది. నారింజ తోటలున్న ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి చోట్ల నుండి ఈ మొక్కలను తరలించడంపై ఆంక్షలున్నాయి. అక్కడి బంధువుల ఇంటి నుండి ఒక పిలక తెచ్చుకొందామన్నా వీలుండదు!

ఇంతకూ నీరు మొక్కను ఎట్లు చంపుతుంది? మనకు ఏడాది పొడవునా పగలు సుమారు 12 గంటలు. ఎడిసన్‌లో డిసెంబరు నాటికి అది 9 గంటలకు కొంచెం మించి ఉంటుంది. వెలుతురు, వేడి తగ్గగానే మొక్క ఎదుగుదల మాని ఆకులు రాలుస్తుంది. ఆకులు తగ్గితే బాష్పోత్సేకం తగ్గుతుంది. వేర్లు పీల్చే నీరూ తగ్గుతుంది. ఇంటివారేమో దాహమనుకొని మరొక చెంబెడు పోస్తారు. మట్టిరేణువుల నడుమ గాలి ఉండవలసిన ఖాళీలు నీటితో నిండిపోతాయి. వేర్లకు కూడా శ్వాసక్రియ ఉన్నదని చదివారు గదా! ప్రాణవాయువు అందక అవి కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కనుక, తడి మట్టిలో నిలిచి కూడా మొక్క వాడిపోతుంది. దప్పికతో వాడిన మొక్కా ఇదీ చూపునకు ఒక్కటే. చిక్కంతా అక్కడే.

కాబట్టి ఆకును కాదు, మట్టిని అడగండి. వ్రేలిని రెండు అంగుళాల లోతున గుచ్చి చూడండి. మట్టి పొడిగా, కుండీ తేలికగా ఉంటే అది దాహమే. తడిగా, బరువుగా ఉండి మురుగు వాసన వేస్తే నీరు ఎక్కువైనట్లే. కొమ్మ బెరడును గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నది.

వాసన లేకుంటే, కుండీ క్రింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోసి, మట్టి ఆరేవరకు ఆగితే చాలును. వాసన ఉంటే మొక్కను మెల్లగా పెకలించి, గోధుమ రంగులో మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. గట్టిగా, లేత రంగులో ఉన్నవాటిని ముట్టరాదు. అడుగున రంధ్రాలున్న కుండీలో, ముతక ఇసుక కలిపిన క్రొత్త మట్టిలో నాటండి. కుండీ వేర్లకు సరిపోయేటంతే ఉండాలి. పెద్దదైతే అదనపు మట్టి తడిని పట్టి ఉంచుతుంది. అడుగున గులకరాళ్ళు పరచడం చాలామందికి అలవాటు. దానివలన మేలు లేదు: నీరు రాళ్ళలోనికి తొందరగా దిగక, వాటిపైనున్న మట్టిలోనే ఆగిపోతుంది.

తరువాత వెలుతురు వచ్చే కిటికీ ప్రక్కన ఉంచి, పై రెండు అంగుళాల మట్టి ఆరినప్పుడే నీరు పోయండి. క్రొత్త చిగురు కనబడేవరకు ఎరువు వేయరాదు.