అదే ఫైలు మళ్లీ పంపకు

2025 జూన్ 24

చిన్నా,

"ఎనిమిదింట్లో ఒక్కటీ రాలేదక్కా" అని మీ అమ్మ ఫోన్లో అన్నప్పుడు నాకు నామీదే కోపం వచ్చింది. పోయిన నవంబరులో నీ పీహెచ్‌డీ అప్లికేషన్ కాగితాలు చూస్తానని మాటిచ్చి చూడలేదు. మొన్న ఆదివారం కూర్చుని అన్నీ చదివాను. మెట్రిక్ తప్పిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ నీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు కాబట్టి నేను చెప్పను.

మళ్లీ అప్లై చెయ్యి. అయితే ఆ పాత ఫైలునే యూనివర్సిటీల పేర్లు మార్చి పంపేటట్టయితే మాత్రం ఆ ఫీజు డబ్బులు మీ అమ్మ చేతిలో పెట్టు.

మార్కుల సంగతి ముందు తేల్చేద్దాం. ఇక్కడ అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు 4కి 3.0 జీపీఏ అడుగుతాయి. నీ ఎమ్మెస్సీ 58 శాతం ఆ గీతకు పైన పడుతుందో కింద పడుతుందో లెక్కగట్టేవాళ్లను బట్టి ఉంటుంది. మన దగ్గర అరవై వస్తేనే ఫస్ట్ క్లాసని ఇక్కడ అందరికీ తెలియదు. అయినా నువ్వే దాన్ని నాలుగు స్కేలులోకి మార్చి వేయకు. పత్రంలో ఉన్నది ఉన్నట్టు వేయమని చాలాచోట్ల సూచనల్లోనే రాస్తారు. ఇక రెండో సెమిస్టరులో తప్పిన పేపరు. మీ నాన్న డయాలసిస్ గురించి పోయినసారి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఎస్‌ఓపీలో) పేజీ నిండా రాశావు. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి గానీ కమిటీకి అంత అక్కర్లేదు. రెండు వాక్యాలు చాలు. మూడో వాక్యంలో చివరి సెమిస్టరు మార్కులు రాయి, అవి బాగున్నాయి.

అసలు దెబ్బ సిఫారసు లేఖల దగ్గర తగిలింది. ఆరేళ్లు అడ్మిషన్ కమిటీలో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. "నువ్వే రాసి తే, సంతకం పెడతాను" అని ఉంటారు మీ సార్లు. ముగ్గురివీ నువ్వే రాశావు కదూ? మూడింట్లోనూ ఒకటే ఇంగ్లీషు, ఒకటే పొగడ్త, "క్రమశిక్షణ గల విద్యార్థి" అని. ఇలాంటివి మేం ఇట్టే పట్టేస్తాం. పట్టాక మార్కులు తప్ప నమ్మడానికి ఇంకేమీ మిగలదు, నీ మార్కులేమో అంతంతమాత్రం. ఈసారి ఒక్క లేఖైనా నీ చేతిపని కళ్లారా చూసినవాళ్లది ఉండాలి. జనవరి నుంచి రాజేంద్రనగర్ ల్యాబులో నీకు పని నేర్పుతున్న మేడంని అడుగు. మార్కులు తక్కువైనా ఈ అబ్బాయిని మళ్లీ పెట్టుకుంటాను అని ఆవిడ రాస్తే, నా లెక్కలో అది మూడు ఉత్త పొగడ్తల పెట్టు.

ఎక్కడికి పంపాలన్నది ఇంకో మాట. పోయినసారి నువ్వు ఎంచుకున్నవన్నీ పెద్ద బయాలజీ ప్రోగ్రాములు. అక్కడ మొదటి ఏడాది రెండు మూడు ల్యాబులు తిరిగాక గైడు కుదురుతారు. కాబట్టి లోపలికి రానిచ్చేది కమిటీయే, నీ పక్షాన మాట్లాడే ప్రొఫెసర్ ఒక్కరూ ఉండరు. వ్యవసాయ కాలేజీలున్న రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్లాంట్ పాథాలజీ, పంటల శాస్త్రం శాఖలు చూడు. అక్కడ చాలాచోట్ల ఒక ప్రొఫెసర్ ముందుగా ఒప్పుకుంటేనే సీటు. చేతిలో ప్రాజెక్టు డబ్బులుండి, నీ పని తెలిసిన మనిషి కావాల్సిన ప్రొఫెసర్ దొరికితే, గీత దగ్గర ఆగిన ఫైలు కోసం ఆవిడే గ్రాడ్యుయేట్ స్కూలుతో వాదిస్తుంది.

ఆ ప్రొఫెసర్‌కు ఏం రాస్తావు? "మీ పరిశోధన నన్ను ఆకర్షించింది" అని మాత్రం వద్దు. మీ మేడం సరేనంటే నువ్వు చేస్తున్నదే రాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. సీసీఎంబీ వాళ్లూ, మీ రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలూ కలిసి మూడు నిరోధక జన్యువులు అందులోకి తెచ్చి 2008లో మెరుగైన రకం విడుదల చేశారు. ఇదంతా ఆ ప్రొఫెసర్‌కు తెలిసే ఉంటుంది. తెలియనిది నీ పని: కత్తెరను ఆ తెగులు తెచ్చే బ్యాక్టీరియా ద్రావణంలో ముంచి ఎన్ని ఆకుల కొసలు కత్తిరించావు, రెండు వారాల తర్వాత మచ్చ ఎన్ని సెంటీమీటర్లు దిగింది, ఏ వరసలో లెక్క తప్పింది, ఎందుకు తప్పింది. ఆ తప్పిన వరస గురించి తప్పకుండా రాయి.

జీఆర్ఈ చాలాచోట్ల ఎత్తేశారు. ఐచ్ఛికం అన్నచోట మాత్రం, నీకు లెక్కలు బాగా వచ్చు కాబట్టి, రాయి. కన్సల్టెన్సీ వాళ్లు "ముందు ఎంఎస్‌లో చేరిపో" అంటారు. లక్షల అప్పు నీది, కమిషన్ వాళ్లది. సైన్సు పీహెచ్‌డీలో సాధారణంగా ఫీజు మాఫీ చేసి జీతంలా స్టైపెండ్ ఇస్తారు, అందుకే దానికే నిలబడమంటున్నాను.

ఇంకొకటి, తప్పంతా నీదే అనుకోకు. ఈ ఏడాది ఇక్కడ ఫెడరల్ నిధులు తెగడంతో చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు కోసేశాయి, కొన్ని ఇచ్చిన ఆఫర్లనే వెనక్కి తీసుకున్నాయి. వచ్చే ఏడాదీ ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. అందుకని సీఎస్ఐఆర్ నెట్ కూడా రాస్తూ ఉండు. జనరల్‌లో ఎమ్మెస్సీ 55 శాతం అడుగుతారు, నీకు అడ్డు లేదు.

గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలో పడతాయి. ప్రొఫెసర్లకు ఆగస్టు చివర్లో రాయడం మొదలుపెట్టు, సెలవుల నుంచి అప్పటికి తిరిగొస్తారు.

పాత ఎస్‌ఓపీ నాకు మళ్లీ పంపకు. నీ ల్యాబ్ నోటుబుక్కులో కొలతలున్న పేజీలు రెండు ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి. గజిబిజిగా ఉన్నా పర్వాలేదు.

పెద్దమ్మ