సూదంటురాయి

పిల్లలూ! ఈ పాఠం పేరును విడదీసి చదవండి. సూది, అంటు, రాయి. సూదిని అంటుకునే రాయి కాబట్టి దీనికి సూదంటురాయి అని పేరు వచ్చింది. అయస్కాంతం అన్నా ఇదే. 'అయస్సు' అంటే సంస్కృతంలో ఇనుము. ఒడియాలో దీన్ని చుంబక అంటారు. రాయగడ జిల్లాలో చదువుకునే మీకు ఈ మూడు మాటలూ తెలిసి ఉండాలి. వీటిలో మన తెలుగు మాట చక్కనిది. ఆ రాయి ఏం చేస్తుందో పేరులోనే చెప్పేస్తుంది.

సూదిని అంటుకుంటుంది, సరే. ఇంకా వేటిని అంటుకుంటుంది? ఇలా అడిగితే చాలామంది "లోహాలన్నిటినీ" అని జవాబు చెబుతారు. అది నిజమో కాదో మీరే పరీక్షించి చెప్పాలి.

ముందు ఒక అయస్కాంతం సంపాదించండి. పాడైపోయిన రేడియో స్పీకరు వెనుక గుండ్రంగా, నల్లగా, మధ్యలో బెజ్జంతో ఒక బిళ్ల ఉంటుంది. అదే అయస్కాంతం. దాన్ని పెద్దవాళ్ల చేత ఊడదీయించుకోండి. గింజలంత చిన్న అయస్కాంతాలు దొరికితే మాత్రం నోట్లో పెట్టుకోకూడదు, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇవ్వకూడదు. రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కొని ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక ఇల్లంతా తిరగండి. కర్రపీట, మట్టికుండ, అద్దం, ప్లాస్టిక్ చెంబు, కాగితం, గుడ్డ - వీటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఏదీ అంటుకోదు. మేకు, కత్తిపీట, గొడ్డలి, నాగలి కర్రు అంటుకుంటాయి. ఇవన్నీ ఇనుముతోనో, ఇనుము నుంచి తయారైన ఉక్కుతోనో చేసినవి. సైకిలుకు రంగు వేసి ఉన్నా అయస్కాంతం అంటుకుంటుంది. ఇంటి కప్పు రేకుకు జింకు పూత ఉంటుంది. నూనె డబ్బా రేకుకు తగరం పూత ఉంటుంది. జింకునూ తగరాన్నీ అయస్కాంతం లాగదు. కాని పలచని పూత కింద ఇనుము ఉంది కదా! అది దాగదు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. సత్తు గిన్నె తెల్లగా మెరుస్తోంది. దగ్గర పెట్టి చూడండి. అంటుకోదు. సత్తు అంటే అల్యూమినియం. కొందరు దీన్ని సిల్వరు గిన్నె అంటారు గాని ఇందులో వెండి ఏమీ లేదు. అల్యూమినియం బాక్సైటు అనే ఖనిజం నుంచి వస్తుంది. కొరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండ మీద ఆ ఖనిజాన్ని తవ్వి దామన్‌జోడి కర్మాగారానికి పంపుతారు. రాగి చెంబు, ఇత్తడి బిందె, కంచు గిన్నె కూడా అంటుకోవు. రాగిలో జింకు కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. శ్రీకాకుళం జిల్లా బూడితి గ్రామం ఇత్తడి, కంచు సామాన్లకు పేరుపొందింది. వాటిలో ఏది పట్టుకు చూసినా అంతే. లోహాలన్నీ అంటుకుంటాయన్న జవాబు ఇక్కడే పోయింది.

స్టీలు సామాన్ల దగ్గర కాస్త ఆగండి. ఒక పళ్లెం అంటుకుంటుంది. దాని పక్కనే ఉన్న గ్లాసు అంటుకోదు. రెండూ తుప్పు పట్టని స్టీలే. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. మరి ఈ తేడా ఎందుకు? తుప్పు పట్టకుండా ఉండడానికి ఇనుములో క్రోమియం కలుపుతారు. (అందుకు కావలసిన ఫెర్రోక్రోమ్‌ను మన జిల్లాలోని తేరుబలిలోనే తయారుచేస్తున్నారు.) కొన్ని రకాల స్టీలులో నికెల్ కూడా కలుపుతారు. అప్పుడు ఇనుము అణువుల అమరిక మారిపోతుంది. అలా మారిన స్టీలును అయస్కాంతం లాగలేదు. వింత ఏమిటంటే, నికెల్ మాత్రం విడిగా ఉన్నప్పుడు అంటుకునే లోహమే. మామూలుగా అయస్కాంతం గట్టిగా లాగే లోహాలు ముఖ్యంగా మూడు - ఇనుము, నికెల్, కోబాల్టు. నాణేలతోనూ ఇది చూడవచ్చు. ఇప్పటి స్టీలు రూపాయి బిళ్ల టక్కున అంటుకుంటుంది. 1992లో వచ్చిన మందపాటి తెల్లని అయిదు రూపాయల బిళ్ల రాగి, నికెల్ కలిపి చేసినది. అది అంటుకోదు. మామ్మ పెట్టెలో అంచు వంకీలు తిరిగిన పాత పది పైసల అల్యూమినియం బిళ్ల ఉంటే దాన్నీ చూడండి.

చూసి నమ్మడం అనే పని చాలా కాలం మనుషులు చేయలేదు. వెల్లుల్లి రాస్తే అయస్కాంతం శక్తి పోతుందని యూరప్‌లో వందల ఏళ్లు చెప్పుకున్నారు. ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ 1600లో అయస్కాంతం గురించి ఒక గొప్ప పుస్తకం ప్రచురించి, ఇలాంటి మాటలు అబద్ధమని చెప్పాడు. మీ ఇంట్లో వెల్లుల్లి ఉంటే మీరూ రాసి చూడండి.

ఈ పరీక్షతో పనేమిటి అంటారా? మీ మామ్మ పాత ఇత్తడి బిందెను సంతలో అమ్మబోతోంది అనుకోండి. పాత సామాన్ల వర్తకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా! ఇది ఇత్తడి కాదు, ఇనుము మీద ఇత్తడి పూత. ఇనుము ధరే ఇస్తాను" అన్నాడు. ఇనుము కన్నా ఇత్తడి ధర ఎన్నో రెట్లు ఎక్కువ. మామ్మకు ఆ డబ్బు అవసరం. అప్పుడు మీరు జేబులోంచి అయస్కాంతం తీసి బిందె మెడకు, పొట్టకు, అడుగుకు ఆనించండి. ఎక్కడా అంటుకోకుండా జారిపోతే లోపల ఇనుము లేదన్నమాట. "మామ్మా! ఈ ధరకు ఇవ్వకు" అని ధైర్యంగా చెప్పవచ్చు.

అయితే ఒక సంగతి మరచిపోవద్దు. అంటుకుంటే లోపల ఇనుములాంటిది ఉందని తెలుస్తుంది. అంటుకోనంత మాత్రాన అది ఇత్తడే అని తేలదు. పసుపు రంగు వేసిన అల్యూమినియం కూడా అంటుకోదు. అప్పుడు చేత్తో ఎత్తి చూడాలి. అంతే పరిమాణంలో ఉన్న అల్యూమినియం కన్నా ఇత్తడి సుమారు మూడు రెట్లు బరువు. బంగారం సంగతీ ఇంతే. అయస్కాంతానికి అంటుకున్న ఉంగరంలో వేరే లోహం ఉంది. అంటుకోని ఉంగరం బంగారం కావచ్చు, రాగి కావచ్చు. దాన్ని కంసాలి దగ్గరకే తీసుకువెళ్లాలి.

అభ్యాసం

1. ఒక ఇత్తడి తాళంకప్పను పరీక్షించండి. ఏ భాగం అంటుకుంది? ఏ భాగం అంటుకోలేదు? కారణం రాయండి.

2. 'సూదంటురాయి' లాగా, చేసే పనిని బట్టి పేరు వచ్చిన మాటలు మరో మూడు చెప్పండి.

3. అయస్కాంతాన్ని పలచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి వంశధార ఒడ్డున పొడి ఇసుకలో దొర్లించండి. నల్లని రేణువులు ఏమైనా అంటుకున్నాయా? సంచిని కాగితం మీద పెట్టి అయస్కాంతాన్ని బయటికి తీయండి. రేణువులు రాలిపోతాయి. వాటిని అగ్గిపెట్టెలో దాచి తరగతికి తీసుకురండి.